క్యాండీ రాజు, వేలూరు కోట

కొడుకు టికెట్లు తీసిస్తే మేమిద్దరం శ్రీలంక పోయొస్తిమి. విమానం ఎక్కడం అదే మొదలు.

క్యాండీలో దంతాలయం పక్కనే పాత రాజభవనం. ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడు నాయకర్ల వంశం, మదురై వైపు నుంచి పోయినోళ్లు. 1815లో ఇంగ్లీషువాళ్లు పట్టుకుని ఎక్కడికి పంపినారనుకున్నారు? మన వేలూరు కోటకు! 1832లో అక్కడే పోయినాడు. ఆసుపత్రికని పోయినప్పుడల్లా ఆ కోట ముందే టీ తాగినాను, ఒక్కసారీ తెలీలేదు.

క్యాండీ చెరువు ఆయన కట్టించిందే. గట్టున మా ఆవిడ చాలాసేపు కూర్చుంది. "ఈ నీళ్లనే తలుచుకుంటా ఉండింటాడు, పాపం" అనింది. మిల్లు పనికని ఊరు వదిలొచ్చి మళ్లీ పోలేకపోయిన మా నాయన గుర్తొచ్చినాడు. నేనేమీ మాట్లాడలేదు.

పింఛను పడినాక వేలూరు పోతాము. పాలారు ఒడ్డున ఆయన సమాధి ఉంది.