సన్మానాలు తర్వాత, ముందు దారిఖర్చు ఇవ్వండి: మన పిల్లలు లైబ్రేరియన్లు కావాలంటే



డిగ్రీ అయ్యాక ఏం చేద్దామనుకుంటున్నారు? తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో మన కాలనీ పిల్లల్ని ఎవర్ని అడిగినా జవాబు ఒకటే. డీఎస్సీ, గ్రూప్స్, కానిస్టేబుల్, బీఈడీ. ఇవేవీ కుదరకపోతే హైదరాబాద్ బస్సు. 'లైబ్రరీ సైన్స్ చదువుతాను' అన్నవాళ్లు నాకు ఇప్పటిదాకా ముగ్గురే తగిలారు. ఆ ముగ్గురిలో ఇద్దరు ఫీజు దగ్గరే ఆగిపోయారు.

ఆ ఇద్దరిలో ఒకరు మా పెద్దమ్మ కూతురు. నాకు అక్క అవుతుంది. పెదనాన్న రేపల్లె వైపు రొయ్యల చెరువుల మీద కాపలా ఉంటాడు. ఇంట్లో పది దాటి చదివిన మొదటి మనిషి అక్కే. బీఏ పాసయింది. చిన్నప్పట్నుంచీ పుస్తకం కనిపిస్తే వదలదు, అందుకే ఏడాది కోర్సు బీఎల్‌ఐఎస్సీలో చేరతానంది. సీటు వచ్చింది. కాలేజీలో కౌంటర్ దగ్గర కూర్చున్నాయన కాగితాలు చూసి, "డిగ్రీ మీద మళ్లీ డిగ్రీ ఏంటమ్మా, నీకు రీయింబర్స్‌మెంట్ రాదు, మొత్తం కట్టాల్సిందే" అన్నాడు. ఏ రూల్ ప్రకారమో చూపించమని అడిగితే చూపించలేదు. గడువు మూడు రోజులు. పెదనాన్న అప్పటికే చెరువు యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉన్నాడు, ఇంకో రూపాయి పుట్టలేదు. ఇప్పుడు అక్క తెనాలిలో బట్టల షాపులో నిలబడి చీరలు మడతపెడుతోంది.

ఇది మా ఒక్క ఇంటి కథ అయితే ఇక్కడ రాసేవాణ్ణి కాదు. మన పిల్లలకి ఈ చదువు ఎందుకు అవసరం, దీనికి డబ్బు ఎక్కడ ఉంది, ఎక్కడ తెగిపోతోంది, ఏం అడగాలి... ఇవి మీతో మాట్లాడాలి.

ముందు ఎందుకు అన్న సంగతి. మనం ఉంటున్న గడ్డ గ్రంథాలయ ఉద్యమానికి పుట్టిల్లు లాంటిది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టారు. అయ్యంకి వెంకటరమణయ్య గారు దాని వెనక నిలబడ్డారు. తెనాలి పక్కన పెదపాలెం నుంచి వచ్చిన పాతూరి నాగభూషణం గారు 1935లో కృష్ణా కాలువల మీద పడవలో గ్రంథాలయం నడిపారు. పడవ ఊరూరా ఆగుతుంది, జనం పుస్తకాలు తీసుకుంటారు, పాతవి తిరిగి ఇస్తారు. ఎంత మంచి ఆలోచన! వేటపాలెంలో సారస్వత నికేతనం 1918 నుంచి ఉంది. 1929లో దాని భవనానికి గాంధీ శంకుస్థాపన చేశాడు. ఈ రోజుకీ పరిశోధకులు పాత పత్రికల కోసం అక్కడికి వెతుక్కుంటూ వస్తారు.

ఇదే రైలు మార్గంలో ఇంకో స్టేషన్ ఉంది. తెనాలి నుంచి చీరాల వైపు వెళ్తుంటే బాపట్ల దాటగానే వస్తుంది. స్టువర్టుపురం. 1913లో నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి పెట్టిన సెటిల్‌మెంట్ అది. బెజవాడలో గ్రంథాలయ సంఘం పుట్టడానికి ఒక్క ఏడాది ముందు. అక్కడ కూడా రాసుకున్నారు, భద్రపరిచారు. రాసుకుంది మన మనుషుల పేర్లు, వేలిముద్రలు, హాజరు. ఆ చట్టం పోయింది 1952లో. అంటే ఒకే తీరంలో, ఒకే కాలంలో కొందరికి పుస్తకాల జాబితా తయారైంది, మనకి పోలీసు రిజిస్టర్ తయారైంది.

ఆ పడవ గ్రంథాలయం పోయిన కాలువల గట్ల మీదే యానాది గుడిసెలు ఉండేవి, ఇప్పటికీ ఉన్నాయి. ఆ పడవ మన గుడిసె ముందు ఎన్నిసార్లు ఆగింది? మనోళ్లలో ఎంతమంది చేతికి పుస్తకం అందింది? ఆ పెద్దల్ని తప్పుపట్టడానికి ఇది అడగడం లేదు. వాళ్లు వాళ్ల కాలంలో చేయగలిగింది చేశారు. మిగిలిన పని మనది అని చెప్పడానికే అడుగుతున్నాను.

ఇప్పుడు పెద్ద గ్రంథాలయం ఏదైనా వెళ్లి యానాదులు, ఎరుకల గురించి పుస్తకం అడగండి. 1909లో అచ్చయిన థర్‌స్టన్ ఏడు సంపుటాలు చూపిస్తారు. ఒక ఇంగ్లీషు అధికారి మనల్ని కొలిచి, వర్ణించి రాసినవి. వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల మీద రాసిన పుస్తకం ఉంటే ఉండొచ్చు. ఆయన మన మేలు కోరినవాడే, కానీ మనలో మనిషి కాదు. మన అవ్వ చెప్పిన మందు మొక్కల సంగతి, ఎరుకల ఇళ్లలో మాట్లాడుకునే కుర్రు భాష, తాతల వలస దారులు ఏ బీరువాలో ఉన్నాయి? ఏది దాచాలి, ఏ పేరు కింద పెట్టాలి, ఎవరికి కనపడాలి అనేది లైబ్రేరియన్ నిర్ణయిస్తాడు. ఆ కుర్చీలో మనోళ్లు లేనంతకాలం మన గురించి ఇంకొకళ్లు పెట్టిన పేర్లే నడుస్తాయి.

కెనడాలో బ్రయాన్ డీర్ అని మోహాక్ జాతి లైబ్రేరియన్ ఒకాయన ఉండేవాడు. 1970లలో అక్కడి ఆదివాసీ సంఘం గ్రంథాలయంలో పనిచేస్తూ, ఉన్న వర్గీకరణ పద్ధతులు తమ జాతులకి సరిపోవని తానే కొత్త వర్గీకరణ తయారుచేశాడు. ఇప్పటికీ అక్కడ కొన్ని గ్రంథాలయాలు దాన్ని వాడుతున్నాయి. చదువుకుని ఆ కుర్చీలోకి వెళ్లిన ఒక్క మనిషి ఎంత మార్చగలడో చూడండి.

సరే, డబ్బు సంగతికి వద్దాం. ఉన్నవి ఉన్నట్టు చెప్తాను, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

మొదటిది, ఎస్టీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్. కేంద్ర పథకం, కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఉండాలి.

రెండోది, పెద్ద సంస్థల్లో చదివేవాళ్లకి కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఇచ్చే టాప్ క్లాస్ స్కాలర్‌షిప్. దేశం మొత్తానికి ఏడాదికి కొత్తగా 1000. ఆ శాఖ జాబితాలో ఉన్న సంస్థలకే వర్తిస్తుంది, కాబట్టి చేరకముందే జాబితా చూసుకోవాలి.

మూడోది, పీహెచ్‌డీ చేసేవాళ్లకి ఎస్టీ నేషనల్ ఫెలోషిప్. ఏడాదికి 750 మందికి. దీనికి తోడు యూజీసీ నెట్‌లో లైబ్రరీ సైన్స్ ఒక సబ్జెక్టు, కోడ్ 59. జేఆర్‌ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకు 37 వేలు. కాలేజీ లైబ్రేరియన్ పోస్టులకి కూడా ఈ నెట్టే అర్హత.

నాలుగోది, విదేశాల్లో మాస్టర్స్, పీహెచ్‌డీ చదవడానికి నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్. దేశం మొత్తానికి ఏడాదికి 20 మాత్రమే. అందులో మూడు అత్యంత వెనుకబడిన తెగలకి. చెంచులు ఆ జాబితాలో ఉన్నారు. యానాది, ఎరుకల లేరు. మనం మిగతా పదిహేడులో పోటీపడాలి.

ఇవి కాక బెంగళూరులో డీఆర్‌టీసీ అని ఉంది. 1962లో రంగనాథన్ గారు మొదలుపెట్టారు, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ కింద నడుస్తుంది. లైబ్రరీ సైన్స్‌లో రెండేళ్ల పీజీ. ట్యూషన్ ఫీజు లేదు, పైగా నెలనెలా స్టైపెండ్. ప్రవేశ పరీక్ష రాయాలి. కేంద్ర సంస్థ కాబట్టి ఎస్టీ రిజర్వేషన్ ఉంది. మన వైపు నుంచి ఎంతమంది అప్లై చేస్తున్నారు?

ఇన్ని ఉన్నాయి కదా, మరి అక్క ఎందుకు చీరలు మడతపెడుతోంది?

ఎందుకంటే పైన నేను చెప్పిన నాలుగు స్కాలర్‌షిప్పుల్లో ఒక్కటీ గ్రంథాలయ శాస్త్రాన్ని దృష్టిలో పెట్టుకుని రాసింది కాదు. పోస్ట్ మెట్రిక్ నిబంధనల్లో ఒక మాట ఉంది. ఒక స్థాయి చదువు పూర్తిచేసి, అదే స్థాయిలో మళ్లీ వేరే సబ్జెక్టు చదివితే స్కాలర్‌షిప్ లేదు. బీఏ చేసి మళ్లీ బీకాం, ఎంఏ చేసి ఇంకో ఎంఏ లాంటివన్నమాట. మరి బీఎల్‌ఐఎస్సీ డిగ్రీ తర్వాత మాత్రమే చేయగలిగిన డిగ్రీ. డిగ్రీ లేకుండా దాంట్లో చేర్చుకోరు. పేరులో 'బ్యాచిలర్' అని ఉంది కాబట్టి 'అదే స్థాయి' అని ఒక గుమాస్తా అనేస్తే, పైకి అడిగే శక్తి మన పిల్లలకి ఎక్కడిది?

ఇంకో దెబ్బ 2020 చివర్లో పడింది. రాష్ట్ర ప్రభుత్వం జీవో 77 తెచ్చి ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపేసింది. విద్యార్థి సంఘాలు దానిమీద చాలా పోరాడాయి. మూడోది దూరవిద్య. కూలి మానకుండా చదవగలిగేది మనోళ్లకి అదొక్కటే దారి, కానీ రాష్ట్ర రీయింబర్స్‌మెంట్ పథకంలో దానికి చోటు పెట్టలేదు. పగలు చెరువు మీద పనిచేసి రాత్రి చదువుకునే పిల్లోడే తన జేబులోంచి మొత్తం కట్టుకోవాలి!

అవార్డుల సంగతి కూడా చెప్పుకోవాలి. గ్రంథాలయ రంగంలో అవార్డులకి కొదవ లేదు. ఉత్తమ లైబ్రేరియన్‌కి శాలువా, మొదటి ర్యాంకుకి గోల్డ్ మెడల్, వారోత్సవాల్లో సన్మానం. వద్దనను. కానీ ఇవన్నీ ఒడ్డు చేరినవాడి మెడలో వేసే దండలు. మన పిల్లలు ఇంకా రేవులోనే నిలబడి ఉన్నారు. వాళ్లకి కావాల్సింది పడవ కూలి.

రంగనాథన్ గారికి ఈ సంగతి బాగా తెలుసు. 1956లో తన సొంత డబ్బు లక్ష రూపాయలు మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చి, భార్య శారద పేరుతో గ్రంథాలయ శాస్త్రానికి ఆచార్య పీఠం పెట్టించారు. తనకి సన్మానం కోరుకోలేదు. తర్వాత వచ్చేవాళ్లు చదువుకోవడానికి ఆధారం వేశారు.

అమెరికాలో చూడండి. అక్కడి గ్రంథాలయ సంఘం 1997లో స్పెక్ట్రమ్ స్కాలర్‌షిప్ పెట్టింది. నల్లజాతి, మూలవాసీ, ఇతర మైనారిటీ విద్యార్థులు లైబ్రరీ సైన్స్ పీజీ చదవడానికి ఒక్కొక్కరికి 5000 డాలర్లు. మూలవాసులు 1979లోనే తమ సొంత గ్రంథాలయ సంఘం పెట్టుకున్నారు. వాళ్లు తమ పిల్లలకి ఏటా వర్జీనియా మాథ్యూస్ పేరుతో స్కాలర్‌షిప్ ఇస్తారు. ఆమె ఓసేజ్ జాతి ఆడబిడ్డ. ఆ డబ్బు మనకి రాదు, ఆ ఆలోచన మనం తెచ్చుకోవచ్చు. 'ఈ వృత్తిలో మా వాళ్లు లేరు, కాబట్టి ఈ చదువుకే ప్రత్యేకంగా ఇవ్వాలి' అని వాళ్లు అడిగారు, సాధించారు.

మన దగ్గర డబ్బు లేదని ఎవరైనా అంటే నమ్మకండి. 1960 గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా జిల్లా గ్రంథాలయ సంస్థకి రావాలి. ఉప ప్రణాళిక నిధులు ఎస్టీలకే ఖర్చుపెట్టాలని 2013లో చట్టమే ఉంది. ఈ రెండూ కలిపితే చాలు. అందుకే మన డిమాండ్లు ఇవి:

1. బీఎల్‌ఐఎస్సీ, ఎంఎల్‌ఐఎస్సీ చదివే ఎస్టీ విద్యార్థులు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కి అర్హులే అని గిరిజన సంక్షేమ శాఖ రాతపూర్వకంగా చెప్పాలి. దూరవిద్యని కూడా చేర్చాలి.

2. ప్రతి జిల్లా గ్రంథాలయ సంస్థ ఏటా కనీసం ఇద్దరు ఎస్టీ విద్యార్థులకి స్టైపెండ్ ఇవ్వాలి. చదువుతూ శాఖా గ్రంథాలయంలో పనిచేస్తారు, మన కాలనీలకి పుస్తకాలు తీసుకెళ్తారు.

3. గిరిజన గురుకులాల్లో, ఏకలవ్య స్కూళ్లలో లైబ్రేరియన్ పోస్టులు ఖాళీగా ఉంచకూడదు.

4. అవార్డు ఇస్తే విద్యార్థికి ఇవ్వండి. తన తెగ పెద్దల మాట, పాట, వైద్యం రికార్డు చేసి గ్రంథాలయానికి చేర్చిన పిల్లకి ఇవ్వండి.

ఇక మీ వంతు. లైబ్రరీ సైన్స్ మీద మనసుంటే డిగ్రీ అవగానే చేరండి. ఇంకో ఎంఏ చేసి తర్వాత రావాలనుకోవద్దు, స్కాలర్‌షిప్ అక్కడే తెగుతుంది. ప్రైవేటు కాలేజీ కంటే యూనివర్సిటీ క్యాంపస్ సీటుకి ముందు ప్రయత్నించండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు అడ్మిషన్‌కి ముందే సచివాలయంలో తీసుకోండి, బ్యాంకు ఖాతాకి ఆధార్ లింక్ ఉందో లేదో చూసుకోండి. మన కాలనీల్లో ఆధారే లేని ఇళ్లున్నాయని నాకు తెలుసు, అలాంటివాళ్లు ఇప్పుడే మొదలుపెట్టాలి. ఎవరైనా 'నీకు రాదు' అంటే ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి. ఇవ్వకపోతే గిరిజన సంక్షేమ అధికారికి అర్జీ పెట్టి, రసీదు తీసుకోండి. ఒక్కరే వెళ్లొద్దు, మమ్మల్ని పిలవండి, కలిసి వెళ్దాం.

అక్క ఈ ఏడాది మళ్లీ అప్లై చేస్తోంది. ఈసారి కౌంటర్ దగ్గర తనతో పాటు నేనూ ఉంటాను, నిబంధనల కాగితం చేతిలో పట్టుకుని.

జోహార్!