రెండవ దీపం

అమెరికాలోని తెలుగు ఇళ్ళలో గోడలకు వ్రేలాడే ఫోటోలను పోల్చి చూస్తే ఒక విచిత్రం కంటబడుతుంది. 1960 ప్రాంతంలో తెనాలిలోనో వరంగల్లులోనో ఒక చిన్న స్టూడియోలో తీయించుకున్న తాతగారి నలుపు తెలుపు ఫోటో సజీవంగా ఉంటుంది. చెంప ఎముక, కనుబొమల క్రింది లోతు, ఉత్తరీయపు మడత అన్నీ తెలుస్తాయి. దాని ప్రక్కనే రెండువేల డాలర్ల కెమెరాతో తీసిన నాన్నగారి రంగుల ఫోటో. నుదుట తెల్లని మెరుపు, కళ్ళజోడు అద్దాలలో రెండు చుక్కలు, వెనుక గోడమీద నల్లని నీడ, అప్పడంలా చదునైన ముఖం. కెమెరా ఇంత ముందుకు పోయిన కాలంలో ఫోటో ఇలా వెనుకకు ఎందుకు పోయింది?

జవాబు కెమెరాలో లేదు. ఆ చిన్న ఊరి స్టూడియోలో రెండు దీపాలు ఉండేవి. ఒకటి ప్రక్కనుండి, తలకన్న కొంచెం ఎత్తుగా. రెండవది అంతకంటె మందంగా, అవతలి వైపు నీడను కాస్త పలుచబరచడానికి. స్టూడియో యజమాని భౌతికశాస్త్రం చదివి ఉండకపోవచ్చు. అయినా “గడ్డం కొంచెం దించండి” అంటూ దీపపు స్తంభాన్ని జానెడు జరపడం ఆయనకు తెలుసు. ప్రవాస కుటుంబాలు ఖరీదైన కెమెరాను కొన్నాయి గాని ఆ జానెడు విద్యను వెంట తెచ్చుకోలేదు. ఫోటోలు బాగా రాలేదని కెమెరా మార్చడం, కూర రుచిగా లేదని గిన్నె మార్చడం వంటిదే.

కెమెరా నెత్తిమీది ఫ్లాష్ లెన్సు చూసే దిక్కునే వెలుగును పంపుతుంది. నీడలన్నీ వస్తువు వెనుకకు పోయి దాక్కుంటాయి. నీడ లేనిదే ముక్కు ఎత్తు, చెంప వంపు కంటికి తెలియవు. పైగా ఆ వెలుగు కంటిపాపగుండా రెటీనాను తాకి ఎర్రగా తిరిగివస్తుంది. కళ్ళజోడునుండి సూటిగా లెన్సులోకి దూకుతుంది. అదే ఫ్లాష్‌ను ఊడదీసి, 45 డిగ్రీలు ప్రక్కకు, రెండడుగులు పైకి జరిపితే ఈ దోషాలు చాలావరకు తొలగిపోతాయి. కాని అప్పుడు అవతలి చెంప చీకటిలో మునుగుతుంది. అందుకే రెండవ ఫ్లాష్.

లెక్క తేలికే. రెండింటికీ ఒకే రకం తెల్లని గొడుగులు తగిలించి, ఒకే దూరంలో ఉంచాలి. మొదటిది ప్రక్కన, రెండవది కెమెరా దగ్గర. మొదటిదాన్ని నాలుగవ వంతు శక్తితో, రెండవదాన్ని ఎనిమిదవ వంతు శక్తితో వెలిగిస్తే వెలుగు చెంపకు 3 పాళ్ళు, నీడ చెంపకు 1 పాలు అందుతుంది. ఇది సౌమ్యమైన వెలుగు. పెద్దవారి ముడతలను దాచదు, వెక్కిరించదు. రెండవదాన్ని పదహారవ వంతుకు తగ్గిస్తే నిష్పత్తి 5కు 1 అయి ముఖం గంభీరమవుతుంది. శక్తి తగ్గించడానికి మీట లేకపోయినా చింత లేదు. దూరం రెట్టింపు చేస్తే వెలుగు సుమారు నాలుగవ వంతవుతుంది.

చామనచాయ ముఖాలకు ఈ అమరిక మరింత అవసరం. రంగు ఏదైనా చర్మపు పైతలం నూటికి సుమారు 4, 5 పాళ్ళ వెలుగును అద్దంవలె త్రిప్పికొడుతుంది. మిగిలినది లోపలికి పోతే అందులో కొంత భాగాన్ని మెలనిన్ పీల్చుకుంటుంది. మెలనిన్ ఎక్కువైనకొద్దీ లోపలినుండి వచ్చే వెలుగు తగ్గి, పైమెరుపు ప్రస్ఫుటమవుతుంది. చిన్న ఫ్లాష్ సూటిగా కొడితే నుదుట తెల్లని మచ్చ పడేది అందుకే. గొడుగువంటి విశాలమైన వెలుగులో ఆ మెరుపే పలుచగా పరచుకొని ముఖపు వంపులను తీర్చిదిద్దుతుంది. గత శతాబ్దంలో రంగుల ముద్రణను సరిచూసుకునేందుకు వాడిన “షర్లీ కార్డు”లమీద చాలాకాలం తెల్లజాతి స్త్రీ ముఖమే ఉండేది. ఆనాడు ఫిల్మును నిందించడం న్యాయమే. నేటి డిజిటల్ కెమెరాను అలా నిందించడానికి లేదు.

నల్లని జుట్టు, ముదురురంగు సోఫా కలిసిపోయే చోట రెండవ ఫ్లాష్‌ను వెనుకకు తీసుకుపోయి, జడమీద సన్నని అంచువెలుగు పడేట్లు పెట్టవచ్చు. అప్పుడు ముందరి నీడను సరిచేయడానికి క్రాఫ్టు దుకాణంలో దొరికే తెల్లని ఫోమ్ బోర్డు చాలు. ఇక తెల్లని పంచె ఎప్పుడూ ముఖంకన్న ముందు వెలిగిపోతుంది. గొడుగును కొంచెం పైకి త్రిప్పితే వెలుగు అంచు మాత్రమే పంచెను తాకుతుంది.

ఖర్చు మాటకు వస్తే, రేడియో గ్రాహకం లోపలే ఉన్న మాన్యువల్ ఫ్లాష్‌లు ఒక్కొక్కటి వంద డాలర్ల లోపే దొరుకుతున్నాయి. 1887లో జర్మనీలో మీథే, గేడికే మెగ్నీషియం, పొటాషియం క్లోరేటు కలిపిన మెరుపుపొడిని తయారుచేసినప్పుడు ఫోటోగ్రాఫరుకు వ్రేళ్ళు కాలే భయం ఉండేది. నేటి జెనాన్ గొట్టానికి ఆ ప్రమాదం లేదు. అటకమీది పాత ఫ్లాష్‌ను మాత్రం తొందరపడి కొత్త కెమెరాకు తగిలించరాదు. వివిటార్ 283 తొలి నమూనాలలో కొన్నింటి ట్రిగ్గర్ ఓల్టేజి 200 దాటుతుంది. దానికి కాంతిని చూసి వెలిగే చిన్న స్లేవ్ తగిలించి దూరాన నిలిపితే ఆ పాతదే రెండవ దీపమవుతుంది. అప్పుడు మొదటిదాన్ని ఆటోమేటిక్ పద్ధతిలో ఉంచకూడదు. అసలు మెరుపుకు ముందు అది పంపే కొలత మెరుపుకే స్లేవ్ మోసపోతుంది.

ఫోన్‌లోనే ఇవన్నీ వస్తున్నాయి కదా అని పిల్లలు అంటారు. ఫోన్ చేసేది లేని వెలుగును ఊహించి పూయడం. అంతకంటె పగటిపూట కిటికీ వెలుగు వెయ్యిరెట్లు మేలు. కాని ఇంటిల్లిపాది ఒకచోట చేరేది శనివారం సాయంత్రం, చీకటి పడ్డాక.

అమెరికా వీసా ఫోటోలో వెనుకతెర తెల్లగా ఉండాలి, నీడ పడరాదు. 2016 నవంబరు నుండి కళ్ళజోడు కూడా నిషిద్ధం. గుర్తింపుకు అది సరిపోతుంది. కాని పెద్దలు దాటిపోయిననాడు పూలదండ వేయడానికి వెతికితే ఎన్నో ఇళ్ళలో దొరికేది అదొక్కటే. నలభై ఏళ్ళుగా కళ్ళజోడు లేకుండా ఎవరూ ఎరుగని తండ్రి, అది లేకుండానే గోడమీద మిగిలిపోతారు. లేదా పెళ్ళి గుంపులోనుండి కత్తిరించిన ముఖం, భుజంమీద ఇంకెవరిదో చేయి.

తెలుగు సంఘాలు వనభోజనాలకు పెద్ద గిన్నెలను, మైకులను అందరికీ ఇస్తున్నాయి. అదేవిధంగా రెండు ఫ్లాష్‌లు, రెండు గొడుగులు, రెండు స్టాండ్లు ఒక సంచిలో పెట్టి ఇళ్ళకు ఎరువివ్వరాదా? సుమారు 300 డాలర్ల పని. ఆరునెలలు ఉండడానికి వచ్చిన అమ్మగారికి ఒక అరగంట కుర్చీ వేస్తే చాలు. “ఈ వయసులో నాకు ఫోటోలెందుకురా” అని ఆమె అనక మానరు. మొదటి పది మెరుపులకు బిగుసుకొని కూర్చుంటారు. పదకొండవదానికి మనవరాలు వచ్చీరాని తెలుగులో ఏదో అంటుంది. ఎనిమిదవ వంతు శక్తితో వెలిగే ఫ్లాష్ వెంటనే మళ్ళీ సిద్ధమవుతుంది, ఆ మెరుపు సెకనులో వెయ్యవ వంతైనా నిలవదు. నవ్వు కదలకుండా చిక్కుతుంది.