బలవంతపు టీసీల నిలిపివేతపై పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానం

మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల యాజమాన్య కమిటీ చైర్‌పర్సన్ అధ్యక్షతన సమావేశమై, విద్యార్థుల క్రమశిక్షణ గురించి చర్చించి ఏకగ్రీవంగా తీర్మానించడమైనది ఏమనగా:

విద్యాహక్కు చట్టం, 2009లోని 16వ సెక్షన్ ప్రకారం ఎలిమెంటరీ విద్య పూర్తయ్యే వరకు ఏ బిడ్డనూ బడి నుంచి తొలగించరాదు. 2019 నాటి సవరణ 5, 8 తరగతుల్లో తప్పిన పిల్లలను అదే తరగతిలో ఉంచే వీలు కల్పించింది గాని, ఈ నిషేధాన్ని ముట్టుకోలేదు. అయినా తొలగింపు ఆగలేదు. తల్లిని పిలిపించి, "మీవాడితో వేగలేం, టీసీ తీసుకుపోండమ్మా" అంటారు. ఆమె వేలిముద్ర వేస్తుంది. రికార్డులో "తల్లిదండ్రుల కోరికపై" అని పడుతుంది. ఇది తొలగింపేనని ఈ కమిటీ నిర్ధారిస్తున్నది. చట్టం రక్షణ 8వ తరగతితో ఆగిపోతున్నందున 9, 10 తరగతుల్లో ఇది మరీ తేలిక. ఉత్తీర్ణత శాతం కోసం చదువులో వెనుకబడిన పిల్లలను అల్లరి పేరిట పంపేయడం ఘోరమైన అన్యాయం. అలా బడి మానిన అబ్బాయి మేస్త్రీ వెంట పనికి పోవడం, అమ్మాయికి పెళ్లి చేసేయడం మనమంతా చూస్తున్నదే.

కావున క్రమశిక్షణ కారణంగా 6 నుంచి 10వ తరగతి వరకు ఎవరికీ టీసీ ఇవ్వరాదు. వేరే బడికి మారేవారికి 5వ సెక్షన్ ప్రకారం వెంటనే ఇవ్వాలి. ఎక్కడ చేరుస్తారో తల్లిదండ్రులు చెప్పలేకపోతే ప్రధానోపాధ్యాయులు వారి ఇంటికి వెళ్లి మాట్లాడాలి.

శారీరక దండనను, మానసిక వేధింపును అదే చట్టంలోని 17వ సెక్షన్ నిషేధించింది. బెత్తం, గోడకుర్చీ, గుంజిళ్లు, ఎండలో నిలబెట్టడం, జుట్టు కత్తిరించడం, కులం ఎత్తి తిట్టడం పూర్తిగా మానాలి.

ఉపాధ్యాయుల ఇబ్బందిని కమిటీ తేలిగ్గా తీసుకోవడం లేదు. ఒకరి అల్లరితో క్లాసంతా పాఠం కోల్పోతే ఆ నష్టమూ మన పిల్లలదే. అలాంటప్పుడు ఆ విద్యార్థిని గ్రంథాలయంలో మరో ఉపాధ్యాయుని ఎదుట రాతపని ఇచ్చి కూర్చోబెట్టవచ్చు. గేటు బయట నిలబెట్టరాదు. తల్లిదండ్రులను కూలి పోకుండా సాయంత్రం పూట పిలవాలి. కొట్లాట జరిగితే ముందు దెబ్బతిన్న బిడ్డ మాట వినాలి. లైంగిక వేధింపు ఆరోపణ వస్తే పోక్సో చట్టం, 2012 ప్రకారం పోలీసులకు తెలియజేయాలి. పెద్దమనుషుల రాజీకి తావు లేదు.

ఈ తీర్మానం ప్రతిని మండల విద్యాశాఖాధికారికి పంపాలనీ, చదువురాని తల్లిదండ్రులకు చదివి వినిపించాలనీ, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబరును బడి గోడ మీద రాయించాలనీ నిర్ణయించి సభ్యులందరూ సంతకాలు చేశారు.