చేతి అల్లిక, చేతి విలువ



చలికాలం సమీపిస్తోంది. ఆదిలాబాదు, అరకు వంటి చోట్ల వేకువజామున బయటికి వెళ్ళేవారికి మెడను కప్పే వస్త్రం తప్పనిసరి. బజారులో స్కార్ఫులు దొరుకుతాయి. అయితే ఇంట్లోనే ఒకటి అల్లుకోవచ్చునని, అందుకు రెండే రెండు కుట్లు వస్తే చాలునని ఈ నెల చెప్పదలచుకున్నాము. కొక్కెం సూదితో చేసే ఈ పనిని కొందరు క్రోషే అంటారు, ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో కురేషియా అంటారు. టోపీలు అల్లే ఇళ్ళవారికి ఇది కొత్త విద్య కాదు. తక్కినవారు కూడా కొద్దిరోజుల సాధనతో నేర్వగలరు. ఆడపిల్లలతోపాటు మగపిల్లలకు కూడా నేర్పవలసిందిగా తల్లులను కోరుతున్నాము. కుదురుగా కూర్చోవడం, లెక్క తప్పకుండా ఉండడం ఇద్దరికీ అవసరమే.

కావలసినవి: మధ్యరకం మందం గల ఉన్ని దారం 200 నుండి 250 గ్రాములు, 5 మిల్లీమీటర్ల కొక్కెం సూది, కత్తెర, మొన లేని పెద్ద సూది. దారం ఉండలన్నీ ఒకేసారి కొనండి. రంగు వేసిన విడత మారితే అదే రంగులోనూ ఛాయాభేదం వస్తుంది, అది అల్లికలో అడ్డగీతలా కనబడుతుంది.

మొదట దారం కొసన 6 అంగుళాలు వదలి, జారుముడి వేసి సూదికి తొడగండి. దారాన్ని సూదిమీద చుట్టి ముడిలోనుండి లాగితే ఒక గొలుసు ఏర్పడుతుంది. ఇలా 31 గొలుసులు వేయండి. క్రొత్తవారు గొలుసులను బిగించి వేస్తారు, అందువల్ల స్కార్ఫు అడుగు అంచు ముడుచుకుంటుంది. ఈ ఒక్క వరుసకు కాస్త లావు సూది వాడితే ఆ చిక్కు ఉండదు.

ఇక రెండు కుట్లు. పొట్టి కుట్టు: సూదిని గొలుసులోకి గ్రుచ్చి దారం లాగండి. సూదిమీద రెండు ఉచ్చులు ఉంటాయి. మరల దారం చుట్టి రెండింటిలోనుండి ఒకేసారి లాగండి. పొడవు కుట్టు: ముందుగా దారాన్ని సూదికి ఒకసారి చుట్టి, తర్వాత గ్రుచ్చి లాగండి. మూడు ఉచ్చులు ఉంటాయి. దారం చుట్టి రెండింటిలోనుండి, మళ్ళీ చుట్టి మిగిలిన రెండింటిలోనుండి లాగండి. ఇంగ్లీషు పుస్తకాలు చూసి అల్లేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఈ పొట్టి కుట్టును అమెరికావారు సింగిల్ క్రోషే అంటే, బ్రిటిషువారు డబుల్ క్రోషే అంటారు. పుస్తకం ఏ దేశానిదో చూడకుండా మొదలుపెడితే కొలతలన్నీ తారుమారవుతాయి.

మొదటి వరుసలో సూది ప్రక్కన ఉన్న గొలుసును విడిచి, రెండవ గొలుసులో పొట్టి కుట్టు, దాని తర్వాతి దానిలో పొడవు కుట్టు, ఇలా ఒకటి విడిచి ఒకటిగా చివరిదాకా వేయండి. 30 కుట్లు వస్తాయి, చివరిది పొడవు కుట్టు అవుతుంది. ఒక గొలుసు వేసి పనిని త్రిప్పండి. ఆ గొలుసును కుట్టుగా లెక్కించకండి. ఇప్పుడు మొట్టమొదటి కుట్టులోనే పొట్టి కుట్టు వేసి, మునుపటిలాగే మార్చి మార్చి సాగండి. ప్రతి పొడవు కుట్టు మీద పొట్టి కుట్టు, ప్రతి పొట్టి కుట్టు మీద పొడవు కుట్టు పడుతుంది. వరుసలన్నిటికీ ఇదే నియమం. నాలుగైదు వరుసలయ్యేసరికి గింజలు పరచినట్టు గరుకైన మేను తేలుతుంది. రెండు వైపులా ఒకేలా ఉంటుంది కనుక మెడకు ఎలా చుట్టినా తిరగవేసినట్టు కనిపించదు.

అంచులు వంకరపోవడానికి సాధారణ కారణం వరుస చివరి కుట్టును మరచిపోవడమే. అప్పుడప్పుడు 30 లెక్క పెట్టుకోండి. తప్పు కనబడితే దిగులు వద్దు. ఈ అల్లికలో సూదిమీద నిలిచి ఉండేది ఒక్క ఉచ్చే. తప్పు జరిగిన చోటిదాకా దారం లాగి, అక్కడినుండి తిరిగి అల్లుకోవచ్చు. 60 అంగుళాల పొడవు వచ్చాక దారం త్రెంచి, చివరి ఉచ్చులోనుండి లాగి బిగించండి. వేలాడే కొసలను మొన లేని సూదితో అల్లికలోకి దాచండి. అక్రిలిక్ దారమైతే దానిమీద ఇస్త్రీ పెట్టె పెట్టవద్దు, వేడికి మెత్తబడి అల్లిక రూపం చెడుతుంది.

ఇక్కడ ఒక లెక్క చేద్దాము. అంగుళానికి సుమారు 3 వరుసల చొప్పున 60 అంగుళాలకు 180 వరుసలు. వరుసకు 30 కుట్లు, మొత్తం 5,400 కుట్లు. నిమిషానికి 10 కుట్లు వేసే చేతికి 540 నిమిషాలు, అనగా 9 గంటల పని. బజారులో ఇటువంటి స్కార్ఫు ధర చెప్పగానే సగానికి అడిగేవారు ఈ 9 గంటలను తలచుకోవాలి. స్వెటర్లు అల్లే యంత్రాలున్నాయి గాని, అసలైన క్రోషే అల్లికను చేసే యంత్రం అంగళ్ళకు సరుకు అందించే స్థితికి నేటికీ రాలేదు. అంగడిలో కనిపించే ప్రతి క్రోషే వస్తువు వెనుక ఒక మనిషి చేయి ఉన్నది.

ఆ చేతులు మనకు దూరంగా లేవు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి ప్రాంతానికి వచ్చిన లేసు అల్లిక, నరసాపురం చుట్టుప్రక్కల గ్రామాల స్త్రీలకు జీవనోపాధి అయింది. సరుకు విదేశాలకు వెళ్ళింది. జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ స్త్రీలను గురించి 1982లో ఒక గ్రంథం వెలువరించారు. వారిని శ్రామికులుగా గాక, తీరిక వేళను గడుపుకునే గృహిణులుగా చూడడమే వారి కూలి అంత తక్కువగా ఉండడానికి మూలమని ఆమె చూపారు. కూలి గంటను బట్టి గాక ముక్కను బట్టి ఇచ్చేవారు. అందువల్ల ఎన్ని గంటలు పట్టిందని అడిగేవారు లేకపోయారు.

ఈ మాట మన ఇళ్ళకూ వర్తిస్తుంది. ఇంట్లో కూర్చుని జరీపని, మగ్గంపని, అల్లికపని చేసి నాలుగు రూపాయలు తెచ్చే స్త్రీని గురించి "ఊరికే ఇంట్లోనే ఉంటుంది" అని భర్తగాని, కుమారుడుగాని అనడం విన్నాము. ఆమె వండుతుంది, పిల్లలను చూస్తుంది, ఆపైన రాత్రి దీపం క్రింద కళ్ళు చిట్లించుకుని కుట్లు వేస్తుంది. ఆమె తెచ్చిన సొమ్మును ఇంటి ఖర్చులో కలిపి మరచిపోవడం న్యాయం కాదు. ఆ సొమ్ము ఆమెది. దానిని ఎలా ఖర్చు పెట్టాలో చెప్పవలసిందీ ఆమే.

కనుక ఈ నెల ఒక స్కార్ఫు అల్లండి. అల్లుతున్నప్పుడు ప్రక్కన ఒక కాగితం పెట్టుకుని, ఏ రోజు ఎంతసేపు కూర్చున్నారో వ్రాసుకోండి. పూర్తయిన తర్వాత ఆ గంటలు కూడి, దారం ఖరీదు ప్రక్కన వేసి, ఆ కాగితాన్ని ఇంట్లో మగవారికి చూపండి. అమ్మదలచినవారు ఆ లెక్కను దగ్గర ఉంచుకునే ధర చెప్పండి. ఇన్‌షా అల్లాహ్, వచ్చే నెల మరొక పనితో కలుసుకుందాము.