డజను ధర కాదు, పూత మందం
కొత్తమ్మతల్లి జాతర దగ్గరపడిందంటే కోటబొమ్మాళిలో గిల్టు గొలుసులకు గిరాకీ. మచిలీపట్నం చిలకలపూడి సరుకు టోకున తెచ్చి అమ్మాలనుకునేవాళ్లు ముందు డజను ధర అడుగుతారు, పూత మందం అడగరు. అసలు తేడా అక్కడే. రాగి మీదో ఇత్తడి మీదో పట్టించే బంగారాన్ని మైక్రాన్లలో కొలుస్తారు. అర మైక్రాను కూడా లేని పూత మన తీరపు ఉప్పుగాలికి, ఉక్కకి, చెమటకి ఎన్నాళ్లు ఆగుతుంది? రంగు పోయిన గొలుసు పట్టుకుని కొన్నవాళ్లు వచ్చేది మచిలీపట్నానికి కాదు, మన కొట్టుకే. 3 శాతం జీఎస్టీతో బిల్లు, మళ్లీ పూత వేసిస్తామన్న హామీ కాగితం మీద ఇవ్వని వ్యాపారి దగ్గర, గొలుసుకి పది రూపాయలు తగ్గించినా నేనైతే కొనను. ఇచ్చినా సరే, ముందు రెండు మూడు గొలుసులే తెచ్చి, ఇంట్లోవాళ్ల మెడలో నెల్లాళ్లు ఉంచి, కొక్కెం దగ్గర, అతుకుల దగ్గర చూశాకే పెద్ద ఆర్డరు.