మొదటి బైక్‌ని ఫోన్ కొన్నట్టు కొనకండి

పోయిన దసరాకి ఊరికి వెళ్తే మా చిన్నాయన కొడుకు తన ఫోన్ తెచ్చి నా ముందు పెట్టాడు. స్క్రీన్ మీద నాలుగు బైకుల కంపారిజన్ టేబుల్.

"అన్నా, నువ్వే చెప్పు. వీట్ల ఏది తీస్కోవాలె?"

వాడికి 19 ఏళ్లు. లైసెన్స్ వచ్చి రెండు నెలలైంది. టేబుల్‌లో సీసీ, పవర్, టార్క్, టాప్ స్పీడ్, డిస్‌ప్లే, బ్లూటూత్ అన్నీ ఉన్నాయి. ఏ వరుసలో ఏ బైక్‌కి పెద్ద నంబర్ ఉంటే దానికి పచ్చ టిక్ పెట్టుకున్నాడు. ఫోన్ కొనేముందు నేనూ అచ్చం ఇదే పని చేస్తా. ఇది చదువుతున్న మీరూ చేస్తారు.

కానీ ఆ టేబుల్‌లో మూడు వరుసలు లేవు. బ్రేకులు, బరువు, సీటు ఎత్తు. మొదటి బైక్ విషయంలో నేను ముందు చూడమనేది ఆ మూడే. మిగతావన్నీ తర్వాత. ఈ మాట నాకు ఎలా తెలిసిందో చెప్పాలంటే నా కథ కొంచెం చెప్పాలి.

200 సీసీ, 22 ఏళ్లు

మాది కోస్గి. కర్నూలు జిల్లా కోసిగి కాదు, నారాయణపేట జిల్లా కోస్గి. బైక్ నేర్చుకున్నది నాన్న పాత 100 సీసీ బండి మీద. రెండు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. నేర్పేటప్పుడు ఆయన చెప్పిన మొదటి మాట: "ముందు బ్రేక్ పట్టకు, పల్టీ కొడ్తవ్." మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు ఈ మాట చెప్పే ఉంటారు.

ఉద్యోగం వచ్చాక ఆరు నెలల జీతం దాచి 200 సీసీ బైక్ కొన్నా. ఏ బైక్ అన్నది ఇక్కడ అనవసరం, తప్పు దానిది కాదు. నవంబర్‌లో ఒక శనివారం హైదరాబాద్ నుంచి ఊరికి వస్తున్నా. చేవెళ్ల మర్రిచెట్ల రోడ్డు దాటా, పరిగి దాటా, ఇంకాసేపట్లో ఇల్లు. మసక చీకటి పడింది. అవి వడ్లు కోసే రోజులు. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టారు. ఎదురుగా ట్రాక్టర్ వస్తోంది, దానికి ఒకటే లైటు. నేను 70లో ఉన్నా. భయంతో కాలికింది బ్రేక్ గట్టిగా తొక్కా. వెనక చక్రం లాక్ అయి వడ్ల మీద జారింది.

కాలర్ బోన్ విరిగింది. ఆరు వారాలు కుడిచేత్తో మౌస్ కూడా పట్టలేదు.

నా బైక్‌కి ఉన్నది సింగిల్ ఛానెల్ ఏబీఎస్. అంటే ముందు చక్రానికి మాత్రమే. దాని గురించి ఫ్రెండ్స్‌కి ఎన్నోసార్లు గొప్పగా చెప్పుకున్నా. అవసరమైన రోజు నా చెయ్యి ఆ లివర్ దాకా పోనే లేదు. ముందు బ్రేక్ కూడా వాడి ఉంటే పడేవాణ్ని కాదని గ్యారంటీగా చెప్పలేను. ఆ రోడ్డు మీద ఆ టైంలో 70లో ఉండటమే అసలు తప్పు. కానీ ఒకటి మాత్రం ఖాయం: నేను కొన్న ఫీచర్ ఒకటి, నాకు వచ్చిన డ్రైవింగ్ ఇంకొకటి.

సీసీ అంటే మెగాపిక్సెల్ లాంటిదే

200 మెగాపిక్సెల్ అని రాసి ఉన్నంత మాత్రాన ఫొటో బాగా రాదని మనకు తెలుసు. సెన్సర్ సైజ్ ఎంత, ప్రాసెసింగ్ ఎలా ఉంది అని అడుగుతాం. బైక్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ తెలివి మాయమవుతుంది.

స్ప్లెండర్ ప్లస్ పవర్ సుమారు 8 పీఎస్. పల్సర్ ఎన్‌ఎస్200 పవర్ 24.5 పీఎస్. అంటే మూడు రెట్లు. మన అనుభవం మూడు రెట్లు పెరగలేదు కదా. స్పీడ్ పెరిగితే ఏమవుతుందో స్కూల్ ఫిజిక్సే చెబుతుంది. బ్రేక్ వేశాక బండి ఆగే దూరం స్పీడ్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 40లో ఉన్నప్పటి కంటే 60లో 2.25 రెట్లు, 80లో 4 రెట్లు. దీనికి ముందు ఇంకొకటి ఉంది. 60లో వెళ్తూ గేదెను చూసి, బ్రేక్ మీదికి చెయ్యి పోవడానికి ఒక్క సెకను పడితే, ఆ సెకనులోనే బండి దాదాపు 17 మీటర్లు పోతుంది.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ రిపోర్ట్ చెబుతోంది. అందులో 44.5 శాతం టూవీలర్ మీద ఉన్నవాళ్లే.

ఆ మూడు వరుసలు

మొదటిది బ్రేకులు. 2019 ఏప్రిల్‌లో వచ్చిన రూల్ ప్రకారం 125 సీసీ దాటిన బైకులకు ఏబీఎస్ తప్పనిసరి. 125, అంతకంటే తక్కువైతే సీబీఎస్ ఉన్నా సరిపోతుందని ఆ రూల్‌లో ఉండేది. రెండూ ఒకటి కాదు. సీబీఎస్‌లో వెనక బ్రేక్ తొక్కితే ముందు బ్రేక్ కూడా కొంత పడుతుంది. నాలాంటి 'కాలి బ్రేక్' బ్యాచ్‌కి అది మేలే. కానీ చక్రం లాక్ అవకుండా ఆపేది ఏబీఎస్ మాత్రమే. 125లో కూడా ఏబీఎస్ కావాలంటే దొరుకుతుంది, 2024 జనవరిలో హీరో ఎక్స్‌ట్రీమ్ 125ఆర్ ఆ వేరియంట్‌తో వచ్చింది. 160 క్లాస్‌లో పల్సర్ ఎన్160కి రెండు చక్రాలకూ ఏబీఎస్ ఉన్న వేరియంట్ ఉంది. టీఎఫ్‌టీ వేరియంట్‌కి, ఏబీఎస్ వేరియంట్‌కి మధ్య ఆలోచిస్తుంటే, ఇక ఆలోచించకండి.

రెండోది బరువు. స్ప్లెండర్ ప్లస్ సుమారు 112 కిలోలు, టీవీఎస్ రైడర్ 123, క్లాసిక్ 350 అయితే 195. రోడ్డు మీద పోతున్నప్పుడు ఈ తేడా పెద్దగా తెలియదు. మట్టిరోడ్డు మీద యూ టర్న్ కొట్టేటప్పుడు, వెనక అమ్మ కూర్చున్నప్పుడు, మిట్ట మీద ఆపి మళ్లీ కదిలించేటప్పుడు తెలుస్తుంది. కొత్తవాళ్లు ఎక్కువగా పడేది స్పీడ్‌లో కాదు, ఇలాంటి చోటే.

మూడోది సీటు ఎత్తు. రైడర్ 780 మి.మీ., ఆర్15 వీ4 815 మి.మీ. స్క్రీన్ మీద ఇది మూడున్నర సెంటీమీటర్ల తేడానే. కానీ మీ ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలైతే, సిగ్నల్ దగ్గర పాదం మొత్తం ఆనుతుందా, వేళ్లే ఆనుతాయా అన్నది ఆ తేడాలోనే ఉంది. ఇది రివ్యూ చదివితే తేలదు. షోరూంకి వెళ్లి కూర్చోవాల్సిందే.

ఇక బ్లూటూత్, నావిగేషన్ లేకపోతే ఫోన్‌నే హ్యాండిల్‌కి బిగిద్దాం అనుకునేవాళ్లకి ఒక మాట. బైక్ ఇంజిన్ వైబ్రేషన్‌కి ఎక్కువసేపు గురైతే ఐఫోన్ కెమెరా స్టెబిలైజేషన్ దెబ్బతినొచ్చని 2021లో ఆపిల్ స్వయంగా చెప్పింది. మౌంట్ పెట్టాలంటే వైబ్రేషన్ డ్యాంపర్ ఉన్నది పెట్టండి. లేదా ఫోన్ జేబులో, ఇయర్‌ఫోన్ ఇంట్లో.

"125తో హైవే మీద ఎట్ల అన్నా?"

తమ్ముడు అడిగిన ఈ ప్రశ్నలో న్యాయం ఉంది. 80 దాటాక చాలా 125లకి ఆయాసం మొదలవుతుంది. టిప్పర్ని ఓవర్‌టేక్ చేసేటప్పుడు పవర్ చాలకపోవడం కూడా ప్రమాదమే. వారం వారం హైదరాబాద్ వెళ్లొచ్చే పని ఉంటే 150-160 తీసుకోండి. నేను వద్దనను. కానీ వాడి రోజువారీ రూట్ ఇల్లు, కాలేజీ, పొలం. నెలకోసారి హైదరాబాద్ వెళ్లాలంటే ఆర్టీసీ బస్సు ఉంది. నెలలో ఒక్కరోజు అవసరం కోసం మిగతా 29 రోజులు మన చేతికి మించిన బండి నడపడం దేనికి?

"రెండేళ్లకు మళ్లీ మారిస్తే నష్టం కదా" అనీ అడిగాడు. కొంత నష్టమే. అందుకే పాతది కొనడం కూడా మంచి ఆప్షన్. మీ ఊళ్లో మెకానిక్‌కి బాగా తెలిసిన బండి, పార్టులు మీ ఊళ్లోనే దొరికే బండి చూడండి. సర్వీస్ సెంటర్ ఎంత దూరమో కొన్న తర్వాత కాదు, బుక్ చేసేముందు కనుక్కోండి.

2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా బైకుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. మిగిలిన డబ్బుకి ఇంకొంచెం కలిపి పై మోడల్‌కి వెళ్దామనిపిస్తుంది. షోరూంలోనూ అదే చెబుతారు. ఆ డబ్బుతో ఐఎస్ఐ మార్క్ ఉన్న ఫుల్ ఫేస్ హెల్మెట్లు రెండు కొనండి, ఒకటి మీకు, ఒకటి వెనక కూర్చునేవాళ్లకి. పైన చెప్పిన అదే 2022 రిపోర్ట్‌లో హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్లు 50,029 మంది. అందులో 14 వేల మందికి పైగా వెనక కూర్చున్నవాళ్లే.

తమ్ముడు ఏం చేశాడు?

ఇంకా బుక్ చేయలేదు. టేబుల్‌లో మూడు వరుసలు కలిపాడు, రెండు బైకులు కొట్టేశాడు. దసరా సెలవుల్లో ఇద్దరం రెండు రోజులు పొద్దున్నే ఖాళీ గ్రౌండ్‌కి వెళ్లాం. మా పాత 100 సీసీ బండి మీదే 20లో, తర్వాత 30లో, రెండు బ్రేకులూ కలిపి మెల్లగా పట్టి ఆపడం ప్రాక్టీస్ చేశాం. చేశాం అంటే నేను కూడా. 26 ఏళ్లకు మొదటిసారి.

మొన్న చిన్నాయన ఫోన్ చేశాడు. "ఏం నేర్పినవ్‌రా వానికి? రోజు పొద్దుగాల గ్రౌండ్‌కు పోయి నా బండి బ్రేకులన్నీ అరగదీస్తుండు."

అరగనీ చిన్నాయనా. బ్రేక్ షూలు మళ్లీ దొరుకుతాయి.