504203 గుట్టు



నిర్మల్ జిల్లాలోని మా ఖానాపూర్‌కు ఉత్తరం రాసేవారు చిరునామా చివర 504203 అని వేస్తారు. ఇది పిన్‌కోడ్. ఈ పద్ధతి మన దేశంలో 1972 ఆగస్టు 15న మొదలయింది. తపాలావారికి ఇది ఊరి గుర్తు. లెక్కలవారికి మాత్రం ఇది ఐదు లక్షల నాలుగు వేల రెండువందల మూడు!

నేను పాఠం చెప్పే రోజుల్లో ఒకనాడు ఈ సంఖ్యను నల్లబల్లమీద రాసి, "ఇది ప్రధాన సంఖ్యా, కాదా?" అని అడిగాను. ఒకటీ, తానూ తప్ప మరే సంఖ్యా నిశ్శేషంగా భాగించలేనిదే ప్రధాన సంఖ్య గదా. ఒక కుర్రవాడు చటుక్కున లేచి, "చివర 3 ఉన్నది, కనుక 2తో, 5తో పోదు. అంకెల మొత్తం 14, కనుక 3తోనూ పోదు. ప్రధాన సంఖ్యే సార్!" అన్నాడు. నేను "భేష్!" అన్నాను.

వెనక వరుసలో ఒక అమ్మాయి, "7తో చూడలేదు సార్," అన్నది మెల్లగా. అంతలో గంట కొట్టారు. నేను ఆ మాట పట్టించుకోలేదు.

ఇంటికి పోయినా ఆ మాట నన్ను వదలలేదు. కాగితం తీశాను. 7 × 11 × 13 = 1001. అందువల్ల ఆరంకెల సంఖ్యను మూడేసి అంకెలుగా విడదీసి, పెద్దదానిలోనుంచి చిన్నది తీసివేస్తే చాలు. 504 − 203 = 301. మిగిలినదాన్ని ఈ మూడింటిలో ఏది భాగిస్తుందో, అది అసలు సంఖ్యనూ భాగిస్తుంది. 301ని 11 గాని, 13 గాని భాగించవు. కాని 7 × 43 = 301! అమ్మాయి అనుమానమే నిజం.

మర్నాడు తరగతిలో అందరి ఎదుటా, "నిన్న పొరపాటు నాది. ఈ అమ్మాయి చెప్పినట్టు చూడవలసింది," అన్నాను. ఆ ఉత్సాహంతో పిల్లలే మిగతా లెక్క తేల్చారు:

504203 = 7 × 17 × 19 × 223

ఇక దీని జాతకం చూడండి. ఇది బేసి సంఖ్య, సంయుక్త సంఖ్య. నాలుగు ప్రధాన సంఖ్యలూ ఒక్కొక్కసారే వచ్చాయి. ఒక్కొక్కదాన్ని తీసుకోవచ్చు, వదిలివేయవచ్చు; కనుక దీనిని భాగించేవి 2 × 2 × 2 × 2 = 16. తనను మినహాయించి మిగతా 15 కూడితే 140917 మాత్రమే. 6కు అలా కాదు: 1 + 2 + 3 = 6. అందుకే 6 పరిపూర్ణ సంఖ్య. మాది లోటు సంఖ్య!

మరి ఏ సంఖ్యనైనా ప్రధాన సంఖ్య అనాలంటే ఎంతవరకు పరీక్షించాలి? 710 × 710 = 504100; 711 × 711 మన సంఖ్యను దాటిపోతుంది. మన సంఖ్య రెండుగా విడిపోతే, అందులో ఒకటి 710కి మించదు. అంటే 710లోపు ఉన్న 127 ప్రధాన సంఖ్యలతోనూ చూడాలి. మేము మూడింటితోనే తీర్పు చెప్పేశాము!

మీ ఊరి పిన్‌కోడ్‌ను కూడా ఇలా విడదీసి చూడండి. పెద్దలకు ఒక మాట: పిల్లలు "ఇంకా చూడలేదు" అంటే, గంట కొట్టినా సరే, ఒక్క క్షణం ఆగండి.